కాపలా వంతు: బస్తరు అరణ్యము నేర్పు పాఠము

చదువవలసిన లేఖనభాగములు: ఆది. 2:4-17, 4:8-12, నెహెమ్యా 3వ అధ్యాయము, 1 రాజులు 21:1-19, యెహెజ్కేలు 34:17-22, ఆమోసు 8:4-7.

పాఠాంశము: భూమిని కాయుటయు సహోదరుని కాయుటయు ఒకే పిలుపు. ఆ పిలుపునకు లోబడుట ఒకనాటి ఉత్సాహము కాదు, అనుదినపు వంతు.

ఉపోద్ఘాతము

దేవుడైన యెహోవా మొదటి మనుష్యుని ఏదెను తోటలో ఉంచినప్పుడు అతనికి రెండు పనులు అప్పగించెను. ఒకటి ఆ నేలను సేద్యపరచుట, రెండవది దానిని కాయుట (ఆది. 2:15). మొదటి పనిని మనుష్యజాతి చక్కగా నేర్చుకొన్నది. దున్నితిమి, త్రవ్వితిమి, కట్టితిమి, అమ్మితిమి. రెండవ పనియో, అది ఎవరిదో తెలియనట్లు ప్రక్కన పెట్టితిమి.

ఈ ‘కాయుట’ అను మాటకు హెబ్రీ మూలములో నున్న ధాతువు రెండధ్యాయముల తరువాత మరల వినబడుచున్నది. హేబెలును గూర్చి దేవుడు అడిగినప్పుడు, తమ్ముని కాచు బాధ్యత తనది కాదన్నట్లు కయీను ఎదురుప్రశ్న వేసెను (4:9). తోటను కాయుమని తండ్రికి చెప్పబడిన మాటనే కుమారుడు తమ్ముని విషయములో త్రోసిపుచ్చెను. తరువాత ఏమి జరిగెను? నేలలో ఇంకిన రక్తము మొఱపెట్టెను. నేల తన సారమును ఇయ్యకపోయెను (4:10-12). కనుక మనుష్యునికి చేసిన అన్యాయము భూమిని తాకుచున్నది; భూమికి చేసిన కీడు మనుష్యుని తాకుచున్నది. న్యాయము ఒక విషయము, ప్రకృతి సంరక్షణ వేరొక విషయము అని మనము విడదీసితిమి గాని లేఖనము విడదీయలేదు.

ఈ సత్యమును కేవలము మాటలలో గాక ఒక స్థలములో పెట్టి చూతము. మనకు సమీపముననే యున్న ఆ స్థలము ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని బస్తరు.

1. బస్తరు మనకు పరాయిది కాదు

పూర్వపు బస్తరు సంస్థానము 1948లో భారతదేశములో విలీనమయ్యెను. తరువాత ఏర్పడిన బస్తరు జిల్లా సుమారు 39,000 చదరపు కిలోమీటర్లు గలదై కేరళ రాష్ట్రముకంటె విశాలముగా నుండెను. నేడది ఏడు జిల్లాలుగా విభజింపబడియున్నది. గోండులు, మురియాలు, మాడియాలు, హల్బాలు, ధుర్వాలు, దోర్లాలు మొదలైనవారు అచ్చటి ఆదివాసులు.

కాకతీయ సామ్రాజ్యము 1323లో కూలిన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఓరుగల్లునుండి బస్తరునకు వచ్చి రాజవంశమును స్థాపించెనని అక్కడివారి సంప్రదాయము. భోపాలపట్నము, కోంట ప్రాంతములలో నేటికిని తెలుగు వినబడుచున్నది. జగదల్‌పూరు ప్రక్కగా ప్రవహించు ఇంద్రావతి మన గోదావరిలో కలియుచున్నది. శబరి కూనవరమువద్ద గోదావరిని చేరుచున్నది. బైలాడిలా కొండల ఇనుపరాయి రైలుమార్గమున విశాఖపట్నము వచ్చుచున్నది. మన చారులో పులుపైన చింతపండు సయితము కొంత బస్తరు చెట్లనుండి వచ్చినదే. వారి నీటిని త్రాగుచు, వారి ఇనుముతో ఇండ్లు కట్టుకొనుచు, వారెవరో మాకు తెలియదని చెప్పుట ఎట్లు చెల్లును? నా పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 10:25-37) ఇక్కడ మనలను నిలువదీయుచున్నది.

2. తమ అడవి తమకే అన్యమైన కాలము

బస్తరు గ్రామములకు పూర్వమునుండి కట్టుబాట్లుండెను. ప్రతి గ్రామమునకు హద్దు గలదు. ఆ హద్దులోని అడవి, నీరు, నేల ఆ గ్రామము కాపాడవలసినవి. ఒక గ్రామస్థులు వేరొక గ్రామపు అడవినుండి కలప తెచ్చుకొనగోరినయెడల ‘దేవసారి’ లేక ‘దాండ్’ అను చిన్న రుసుమును చెల్లించుచుండిరి. కొన్ని గ్రామములు కావలివారిని నియమించి, వారి కూలికై ఇంటింటనుండి కొంత ధాన్యము కూర్చుచుండెను. పొలిమేర రాయిని జరుపరాదన్న ఆజ్ఞ (ద్వితీ. 19:14) వారికి చదువుట రాకపోయినను దాని భావము వారి ఆచారములో నుండెను.

1905లో ఆంగ్ల ప్రభుత్వము అడవిలో మూడింట రెండు పాళ్లను రిజర్వు చేయ సంకల్పించెను. పోడు వ్యవసాయము, వేట, అటవీ ఫలసేకరణ నిలిపివేయుట ఆ సంకల్పములో భాగము. కొన్ని గ్రామములవారిని అడవిలో ఉండనిచ్చిరి గాని అటవీశాఖకు కూలిలేకుండ పనిచేయవలెనను షరతు పెట్టిరి. దానికి ముందే 1899-1900లోను, మరల 1907-1908లోను భయంకరమైన కరవులు వచ్చెను. అప్పుడు ప్రజల గుండె పగిలెను. 1910లో మామిడి కొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణములు ఊరినుండి ఊరికి సందేశములుగా సాగెను. నేతానార్ గ్రామవాసి గుండాధూర్ పేరు ఆ తిరుగుబాటుతో ముడిపడి నేటికిని చెప్పబడుచున్నది. అంగళ్లు దోచబడెను, అధికారుల ఇండ్లు, పాఠశాలలు, ఠాణాలు కాల్చబడెను. విలియం వార్డు అను క్రైస్తవ మిషనరీ ఆ సంభవములను కన్నులార చూచి వ్రాసెను. ఫిబ్రవరినుండి మే వరకు సాగిన ఆ తిరుగుబాటు అణచబడెను. అయినను రిజర్వు పని తాత్కాలికముగా నిలిచెను. రిజర్వు చేయదలచిన విస్తీర్ణము సుమారు సగమునకు తగ్గింపబడెను.

యెరూషలేము కూలిన తరువాత ప్రవక్త చేసిన విలాపమును జ్ఞాపకము చేసికొనుడి. తమ స్వంత నీటికి వెలయిచ్చి త్రాగవలసి వచ్చెననియు, తమ కట్టెలను తామే కొనవలసి వచ్చెననియు ఆయన ఏడ్చెను (విలాప. 5:4). దహనమును, దోపిడిని మనము సమర్థింపజాలము. అయినను ఆ మంట వెనుకనున్న ఏడ్పును వినక తీర్పు తీర్చుట కూడ అన్యాయమే.

3. వంతు కఱ్ఱ

తిరుగుబాటు కథ చరిత్రలో నిలుచును. అనుదినపు కాపలా కథను ఎవరు వ్రాయుదురు? బస్తరులో అట్టి కథ యొకటి గలదు.

బకావండ్ ప్రాంతములో, ఒడిశా సరిహద్దునకు సమీపమున, సంధ్‌కర్మరి అను గ్రామమున్నది. ఆ గ్రామవాసి దామోదర్ కశ్యప్ జగదల్‌పూరులో చదువు ముగించి 1970లో ఇంటికి వచ్చునప్పటికి ఊరి అడవి విస్తారముగా నరకబడియుండెను. అతడు ఆ బోసినేలను చూచి ఊరు విడిచి పోలేదు. గ్రామస్థులను కూర్చుకొని మాటలాడుట ప్రారంభించెను. అందరు వెంటనే సమ్మతింపలేదు. కట్టెలకు ఎక్కడికి పోవలెనన్న వారి ప్రశ్న న్యాయమైనదే. కాని క్రమముగా గ్రామము ఒక తీర్మానమునకు వచ్చెను. 1970ల దశకములో అతడు సర్పంచిగా ఎన్నుకోబడి మూడు దశాబ్దములకు పైగా ఆ బాధ్యత వహించెను.

వారు అనుసరించిన పద్ధతికి ‘ఠేంగాపాలి’ అని పేరు. ఠేంగా అనగా కఱ్ఱ. పాలి అనగా వంతు. వంతు వచ్చినవారు కఱ్ఱ పట్టుకొని ఆ దినమున అడవిలో తిరిగి కాపలా కాయుదురు. పిమ్మట ఆ కఱ్ఱ వేరొకరి ఇంటికి చేరును. నియమము మీరి చెట్టు కొట్టినవారు జరిమానా చెల్లింపవలెను. జీతము లేదు, తుపాకి లేదు. ధనవంతుని ఇంటికి వచ్చిన కఱ్ఱయే పేదవాని ఇంటికిని వచ్చును. ఈ విధముగా సుమారు 400 ఎకరముల అడవి కాపాడబడెను. 2014లో దామోదర్ కశ్యప్‌నకు పాల్ కె. ఫయరాబెండ్ పురస్కారము లభించెను.

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును సాధారణముగా మనము త్వరగా దాటిపోవుదుము. అందులో పేర్లు తప్ప మరేమియు లేవనిపించును. కాని నిదానించి చదువుడి. యెరూషలేము గోడను కట్టినవారిలో యాజకులున్నారు, కంసాలులున్నారు, పరిమళద్రవ్యములు చేయువారున్నారు, ఒక అధిపతి కుమార్తెలున్నారు. అనేకులు తమ తమ ఇండ్ల యెదుటనున్న భాగమునే బాగుచేసిరి. తెకోవ ఘనులు మాత్రము ఆ పనికి మెడ వంచలేదని కూడ వ్రాయబడినది (నెహెమ్యా 3:5). గొప్ప గోడ యొక్కని పరాక్రమముచేత లేవలేదు. ఎవరి ఇంటియెదుటి పని వారు చేయుటచేత లేచెను. సంధ్‌కర్మరి కఱ్ఱ ఆ అధ్యాయమునకు చక్కని వ్యాఖ్యానము.

4. తప్పు తూనిక

అడవిని కాయుట అనగా చెట్లను లెక్కపెట్టుట మాత్రమే కాదు. చెట్టుక్రింద నిలుచువాని ఆకలిని కూడ చూడవలెను. ఆదివాసి స్త్రీలు వేసవి యెండలో ఇప్పపూవు ఏరుదురు, తునికాకు కోయుదురు, చింతపండు రాల్చుదురు, సారపప్పు తీయుదురు. వారపు సంతలో వర్తకులు సారపప్పు తీసికొని దానికి సమాన తూకముగా ఉప్పు ఇచ్చి పంపిన దినములు బస్తరులో ఉండెను. ఒక ప్రక్క పట్టణములో మిఠాయిలపై చల్లు విలువైన పప్పు. మరియొక ప్రక్క గుప్పెడు ఉప్పు. త్రాసు సరిగానే నిలిచినను, అది దొంగ త్రాసు కాదా?

ఈ అన్యాయము ఒకనాడు చెట్లకే తగిలెను. 1990ల దశకములో ఆదివాసుల స్వంత భూములలోని విలువైన టేకు మొదలగు చెట్లను దళారులు స్వల్ప ధరకు కొని, నరికించి, గొప్ప లాభమునకు అమ్ముకొనిరి. ‘మాలిక్ మక్బూజా’ వ్యవహారమని పేరుపడిన ఈ దోపిడిపై విచారణ జరిగెను. సుప్రీంకోర్టు జోక్యము చేసికొనెను. గమనింపుడి: చెట్టును కొట్టిన గొడ్డలియు పేదవానిని కొట్టిన తూనికయు ఒకే చేతిలో నుండెను.

మరియొక ప్రయత్నము 1999 ప్రాంతమున జరిగెను. జిల్లా యంత్రాంగమే ముందునకు వచ్చి, గ్రామములలో సంఘములను ఏర్పరచి, న్యాయమైన ధరకు చింతపండు కొనుటకు ‘ఇమ్లీ ఆందోళన్’ నడిపెను. చింతపండును గూర్చి ఉద్యమమా యని కొందరు నవ్వవచ్చును. కాని ప్రవక్తయైన ఆమోసు తూమును చిన్నది చేసి, రూకను పెద్దది చేసి, దొంగ త్రాసుతో బీదలను కొనువారిని గూర్చి మాటలాడెను (8:4-6). ఆ క్రియలను తాను ఎన్నడును మరువనని యెహోవా ఒట్టుపెట్టుకొనుట (8:7) మనలను వణకింపవలెను. దేవుని దృష్టిలో సంతలోని త్రాసు చిన్న విషయము కాదు.

5. కలకబారిన నీరు

బైలాడిలా కొండలలో 1968 మొదలు ఇనుపరాయి తవ్వబడుచున్నది. కిరండూలునుండి కొత్తవలస వరకు వేయబడిన రైలుమార్గమున అది విశాఖ తీరమును చేరి, జపానుకు ఓడలలో పోయెను. విశాఖ ఉక్కు కర్మాగారమును పోషించెను. అనేక తెలుగు కుటుంబములకు ఆ కర్మాగారము అన్నము పెట్టినది. దానిని మరచుట కృతఘ్నత. అయితే ఆ అన్నమునకు వెల ఎవరు చెల్లించిరి? గనుల ఎఱ్ఱమన్ను కొట్టుకొనివచ్చి శంకిని నది నీరు ఎఱ్ఱబారెను. ఆ నీటిని త్రాగినవారు, ఆ మన్ను పేరుకొన్న పొలములను దున్నినవారు ఇనుమును అమ్ముకొన్నవారు కారు.

యెహెజ్కేలు 34వ అధ్యాయములో ప్రభువు కాపరులను మాత్రమే గాక గొఱ్ఱెలను కూడ విమర్శించుచున్నాడు. బలిసిన గొఱ్ఱెలు మంచి మేత మేసి, మిగిలినదానిని త్రొక్కివేయుచున్నవి. తేటనీరు త్రాగి, మిగిలిన నీటిని కాళ్లతో కలకచేయుచున్నవి. బక్కచిక్కిన గొఱ్ఱెలకు ఆ త్రొక్కబడిన మేతయు ఆ బురదనీరునే గతి (34:18-19). త్రాగుట తప్పని ప్రవక్త చెప్పలేదు. త్రాగిన తరువాత కలకచేయుటయే తప్పు. ఇనుము వలదని మనము చెప్పజాలము. రైలు, వంతెన, ఆసుపత్రి, నాగలికఱ్ఱు అన్నియు దానితోనే గదా! కాని మన తరువాత త్రాగవలసినవారి వంతును చెరపుటకు మనకు అధికారము లేదు.

6. నాబోతు స్వాస్థ్యము

అహాబు కథను సాధారణముగా మనము దురాశకు దృష్టాంతముగా చెప్పుదుము. కాని అహాబు మొదట దోచుకొనలేదు, పరిహారము చూపెను. దానికంటె మంచి తోట యిచ్చెదను, లేదా దాని వెల రొక్కముగా ఇచ్చెదను అనెను. నాబోతు దృష్టిలో ఆ తోట సరకు కాదు. పితరులనుండి వచ్చిన స్వాస్థ్యము. భూమి తనదని దేవుడు చెప్పియుండగా (లేవీ. 25:23) దానిని రాజు అడిగినంతమాత్రమున అమ్ముట అతనికి దైవద్రోహముగా తోచెను. అప్పుడు యెజెబెలు చేసినదేమి? రాజముద్రతో తాకీదులు వ్రాసెను, పెద్దలతో సభ కూర్పించెను, సాక్షులను నిలిపెను. పైకి అంతయు చట్టప్రకారమే జరిగెను. లోపల అంతయు అబద్ధమే.

మన దేశములో 1996 నాటి పెసా చట్టము, 2006 నాటి అటవీ హక్కుల చట్టము గ్రామసభకు గౌరవస్థానమిచ్చెను. తన భూమిని, అడవిని గూర్చి గ్రామము తానే నోరు విప్పవలెనని వాటి భావము. 2019 జూన్‌లో, తాము పవిత్రముగా ఎంచు నందరాజ్ కొండను తవ్వరాదని వేలకొలది ఆదివాసులు కిరండూలునకు నడచివచ్చి కూర్చుండిరి. 2014లో హిరోలీ గ్రామసభ సమ్మతించినట్లు చూపిన కాగితము నిజమైనది కాదని వారి ఆరోపణ. రాష్ట్ర ప్రభుత్వము చెట్ల నరికివేతను ఆపి, ఆ సభను గూర్చి విచారణకు ఆదేశించెను. ఆ కొండను గూర్చిన వారి విశ్వాసము మనది కాదు. అయినను, జరుగని సభను జరిగినదని వ్రాయరాదన్న సత్యము వారికిని మనకును ఒకటే.

లోహండీగూడా సంగతి మరియొకటి. 2005లో అక్కడ ఉక్కు కర్మాగారమునకు టాటా స్టీలు సంస్థతో ఒప్పందము జరిగెను. పది గ్రామములలో 1,700 మందికి పైబడిన రైతుల భూమి సేకరింపబడెను. అనేకులు అభ్యంతరము చెప్పిరి. వారిలో పలువురిపై కేసులు వచ్చెను. కర్మాగారము కట్టబడలేదు, 2016లో సంస్థ విరమించుకొనెను. 2019 ఫిబ్రవరిలో ఆ భూములు తిరిగి రైతులకే అప్పగింపబడెను. సేకరించిన నేల సాగుదారునికి మరల చేరుట మన దేశములో అరుదు. నాబోతు తోట తిరిగి రాలేదు; లోహండీగూడా పొలములు తిరిగి వచ్చెను. అన్యాయపు న్యాయాధిపతిని విడువక వేడుకొన్న విధవరాలి ఓర్పు (లూకా 18:1-8) వ్యర్థము కాదనుటకు ఇది చిన్న గుర్తు.

7. మనలను మనము పరీక్షించుకొందము

ఇంతవరకు ఇతరుల తప్పులను చూచితిమి. ఇక అద్దమును మనవైపు త్రిప్పుకొందము.

2005 తరువాత సల్వాజుడుం కాలపు హింసలో ఊళ్లు కాలిపోగా బస్తరు ఆదివాసులు వేలకొలదిగా శబరి, గోదావరుల ఇవతలకు పారిపోయి వచ్చిరి. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుంను రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. కాని వచ్చినవారిలో అనేకులు తిరిగి పోజాలక మన అడవుల అంచున గుడిసెలు వేసికొనిరి. ఒకవైపు తుపాకులు, మరియొకవైపు తుపాకులు; నడుమ వీరు. వారిని మనము గొత్తికోయలని పిలిచితిమి. వారి పిల్లలకు బడి యున్నదా, బావి యున్నదా యని ఎన్ని సంఘములు విచారించెను?

ఏటేట మిరపకోతకు బస్తరునుండి కూలీలు మన పొలములకు వచ్చుచున్నారు. 2020 ఏప్రిల్‌లో, కరోనా నిర్బంధము వేళ, తెలంగాణలో మిరపకాయలు కోయుటకు వచ్చిన బీజాపూరు జిల్లా బాలిక యొకతె, పండ్రెండేండ్ల ప్రాయముది, మూడు దినములు అడవిదారిని నడచి, ఇల్లు ఇంక కొద్ది దూరమున నుండగా మరణించెను. ఆ బిడ్డ కోసిన మిరపకాయ ఎవరి పచ్చడిలో కలిసెనో! తమ్ముడెక్కడనని దేవుడు అడిగిన ప్రశ్న ఆ దారిలో మరల వినబడలేదా?

మరియొక మాట. 2022 డిసెంబరులో నారాయణపూరు, కొండాగావ్ జిల్లాలలో క్రీస్తును నమ్మిన అనేక ఆదివాసి కుటుంబములు తమ ఊళ్లనుండి వెడలగొట్టబడినప్పుడు మన సంఘములు కన్నీటితో ప్రార్థించెను. అది తగినదే. అయితే గనికొరకో, ఆనకట్టకొరకో, యుద్ధమువలననో ఇల్లు విడిచిన ఇతర ఆదివాసుల నిమిత్తము అంతే కన్నీరు కార్చితిమా? మనవారికి మాత్రమే న్యాయము కోరుట న్యాయముపై ప్రేమ కాదు. మనపై మనకున్న ప్రేమ.

8. మన ఇంటి గడపకు వచ్చిన కఱ్ఱ

ఇది రాజకీయము గదా, సువార్తకు దీనితో పనియేమి యని కొందరందురు. క్రీస్తు సిలువ రక్తముచేత సమస్తమును తనతో సమాధానపరచుకొనుట దేవుని సంకల్పము (కొలస్స. 1:20). సృష్టి యావత్తు ప్రసవవేదనతో మూలుగుచు దేవుని కుమారుల ప్రత్యక్షతకై కనిపెట్టుచున్నది (రోమా 8:19-22). మనుష్యుని మాత్రమే రక్షించి తోటను మరచు సువార్త సగము సువార్త. అందుచేత ఈ వారమే మొదలుపెట్టదగిన కొన్ని పనులు:

(అ) కొనునప్పుడు: అరకు, పాడేరు, భద్రాచలము సంతలలో చింతపండు, తేనె, కుంకుళ్లు అమ్ముకొను ఆదివాసి స్త్రీతో అర్ధరూపాయికొరకు బేరమాడకుడి. సరియైన తూకము ఇచ్చుటయే కాదు, సరియైన వెల ఇచ్చుటయు ధర్మమే.

(ఆ) కూలి ఇచ్చునప్పుడు: పొలము గలవారు వలస కూలికి సూర్యాస్తమయమునకు ముందే కూలి ముట్టజెప్పవలెను (ద్వితీ. 24:14-15). త్రాగునీరు, నీడ, పసిపిల్లలకు చోటు చూపవలెను. బడియీడు పిల్లలను పనిలో పెట్టుకొనరాదు.

(ఇ) సంఘములో: వివాహములకు, క్రిస్మసు విందులకు ప్లాస్టికు పళ్లెములు మాని అడ్డాకు విస్తళ్లు వాడుడి. దేవాలయ ఆవరణలో చెట్టు నాటి, దానికి నీరుపోయు వంతు ఒక్కొక్క కుటుంబమునకు అప్పగింపుడి. ఊరి చెరువులో, వాగులో చెత్త పడకుండ చూచు వంతు కూడ వేసికొనుడి.

(ఈ) గ్రామములో: గ్రామసభకు వెళ్లుడి. చదువురానివానికి కాగితమును చదివి వినిపించి, అర్థమైన తరువాతనే వ్రేలిముద్ర వేయుమని చెప్పుడి. ఈ చిన్న సేవ ఒక నాబోతును కాపాడవచ్చును.

1970ల దశకములో బస్తరులోని 4,600 హెక్టార్ల సాలవృక్షముల అడవిని తీసివేసి, కాగితపు గుజ్జుకొరకు పైను చెట్లు పెంచుమని ప్రపంచబ్యాంకు ప్రతిపాదించెను. స్థానికుల నిరసనచేత ఆ పథకము నిలిచిపోయెను. అంత పెద్ద సంకల్పమును ఆపినవారు సామాన్యులే. మన ఇంటి గడపకు ఈనాడు వంతు కఱ్ఱ వచ్చియున్నది. తెకోవ ఘనులవలె మెడ త్రిప్పుకొందమా? లేక ఒక్క దినము చేతపట్టుకొని, అలసటతోనైనను తిరిగి, పొరుగువానికి అందించుదమా?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఆది. 2:15, 4:9 వచనములలో ‘కాయుట’ను గూర్చి మీరేమి నేర్చుకొంటిరి? వీటిలో ఏది మీ సంఘము మరచినది?

2. నెహెమ్యా 3వ అధ్యాయములో తమ ఇంటియెదుట పనిచేసినవారు ఎవరు? మీ ఇంటియెదుటనున్న పని ఏది?

3. మీ ఊరికి వచ్చు వలస కూలీల స్వగ్రామము మీకు తెలియునా? తెలియనియెడల ఈ వారములో ఒకరిని అడిగి తెలిసికొనుడి.

4. మీరు త్రాగు నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది? మీ తరువాత ఎవరు దానిని త్రాగుచున్నారు?

ప్రార్థన

సృష్టికర్తవైన తండ్రీ, నీ తోటను సేద్యపరచితిమి గాని కాయలేదు. మా సహోదరుని కష్టఫలము అనుభవించితిమి గాని అతని క్షేమమడుగలేదు. మమ్మును క్షమించుము. బస్తరు అడవులలో భయముతో నిద్రించు ప్రతి కుటుంబమునకు సమాధానమిమ్ము. అధికారము గలవారికి సత్యమైన త్రాసు నిమ్ము. మా వంతు వచ్చిన దినమున మేము ఇంట దాగియుండకుండ కృప చూపుము. గెత్సేమనే తోటలో మా నిమిత్తము మెలకువగా నుండిన మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.